వేరుశనగ చేలోంచి తెచ్చిన ఇంజను

పాత స్పోర్ట్స్ కారును ఎలా మార్చుకోవాలి, ఎలా ట్యూన్ చేసుకోవాలి అని ఈ మధ్య కొత్తగా షెడ్డు పెట్టినవాళ్ళు తరచూ వచ్చి అడుగుతున్నారు. తెనాలిలో ముప్పై ఎనిమిదేళ్ళు రెంచీ పట్టినవాణ్ణి కదా, అడగడంలో తప్పు లేదు. అయితే ఒక సంగతి ముందే ఒప్పుకుంటాను. అన్నేళ్ళలో నా చేతికి వచ్చిన స్పోర్ట్స్ కారు ఒక్కటే. మిగతావన్నీ టాక్సీలు, జీపులు, ట్రాక్టర్లు, సీజన్‌లో పొలాల ఆయిలింజన్లు. ఆ ఒక్క కారునే నేను పాడుచేశాను, ఎనిమిదేళ్ళ తర్వాత దాన్నే బాగుచేశాను. పాడుచెయ్యడానికి పది రోజులు పట్టింది. బాగుచెయ్యడానికి ఐదు వారాలు పట్టింది, అదీ నిద్రాహారాలు సరిగ్గా లేకుండా.

నా ఉద్యోగంలో గొప్పలు చెప్పుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. అవి ఎవరికీ పనికిరావు. ఈ కారు సంగతి పనికొస్తుంది. ఇందులో నేను చేసిన తప్పులన్నీ ఇప్పుడు మీరు కూడా చేస్తున్నారు కాబట్టి రాస్తున్నాను.

బండి

అది ఇంగ్లండులో తయారైన బండి. ఎర్ర రంగు, రెండే సీట్లు, గుడ్డ టాపు, పొడుగాటి ముక్కు. నేలకు జానెడు ఎత్తులో ఉండేది. రేపల్లెలో ప్రాక్టీసు చేసే పెద్ద డాక్టరు గారు దాన్ని, స్వదేశం వెళ్ళిపోతున్న ఒక మిషను డాక్టరు దగ్గర కొన్నారు. ఆదివారం చర్చికి, మిగతా రోజుల్లో పేషెంట్ల ఇళ్ళకు ఆయన దాంట్లోనే వెళ్ళేవారు. పక్క సీట్లో మందుల పెట్టె ఉండేది. ఆయన కూతురు ఎస్తేరు గారు డ్రైవింగు నేర్చుకున్నది కూడా ఆ బండి మీదే.

దాని ఇంజనుకు రెండు కార్బురేటర్లు. అప్పటిదాకా నేను ఇంజనుకు ఒక్క కార్బురేటరే చూశాను. రెండెందుకని మా షెడ్డు యజమాని వెంకటప్పయ్య గారిని అడిగితే, ఆయన బీడీ పక్కన పెట్టి, "నీకు ముక్కుకి రెండు రంధ్రాలెందుకురా?" అన్నారు. ఆయన చదువుకున్నవాడు కాదు. రైసు మిల్లులో ఇంజను దగ్గర కూర్చుని పని నేర్చుకున్నాడు. కోపిష్ఠి. నేను చూసిన మెకానిక్కుల్లో అంతటివాడు మళ్ళీ లేడు.

ఆయన పద్ధతి ఒకటుండేది. ఏ బండి వచ్చినా ముందు దాన్ని స్టార్ట్ చేయించి, చేతిలో పనిముట్టు లేకుండా పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. ఒక టీ తాగేంతసేపు ఊరికే వినేవాడు. మేం నవ్వుకునేవాళ్ళం.

నా తెలివితేటలు

ఎనభైల మొదట్లో పెట్రోలు ధర చూసి జనం బెంబేలెత్తారు. మా డెల్టాలో అందరికీ ఒకటే వైద్యం తెలుసు, డీజిల్ ఇంజను పెట్టించుకోవడం. టాక్సీలకు పెట్టాం, జీపులకు పెట్టాం, పెళ్ళిళ్ళకు తిప్పే పాత పడవల్లాంటి కార్లకు పెట్టాం. ఆ పని మీద మా షెడ్డుకు మంచి పేరొచ్చింది. వెంకటప్పయ్య గారు కంటి ఆపరేషనుకని గుంటూరు వెళ్ళి మూడు వారాలు ఉండిపోయిన సమయంలో, పెద్ద డాక్టరు గారు బండి తీసుకుని వచ్చారు. ఆయన వచ్చింది రెండు పనుల మీద. పెట్రోలు బాగా తాగుతోందని ఒకటి. కాలువల మీద వంతెనలు ఎక్కి దిగేటప్పుడు బండి అడుగుభాగం తగులుతోందని రెండోది.

నాకప్పుడు ముప్పై ఏళ్ళు లేవు. యజమాని లేని షెడ్డులో నేనే యజమానిని. "ఆ ఇంజను తీసేసి డీజిల్ పెట్టేద్దామండి, చక్రాల మీది కమానులకు ఇంకో పట్టీ వేసి ఎత్తు పెంచేద్దామండి, ఇక మీరు చూసుకోనవసరం లేదు" అని హామీ ఇచ్చేశాను. ఆయన, పని తెలిసినవాడివి నువ్వే కదా అన్నారు. ఆ మాట నాకు ఎంత ఎక్కిందంటే, మర్నాటికల్లా ఇంజను కింద ఉంది.

తీసిన ఇంజనును కర్లపాలెం దగ్గర ఒక రైతుకు ఇప్పించాను. ఆయన పేరు సాంబయ్య. సముద్రం వైపు ఇసుక నేల, వేరుశనగ వేసేవాడు. అక్కడ కాస్త లోతుకు గొట్టం దింపితే నీళ్ళు పడతాయి, పైకి లాగడానికి ఇంజను కావాలి. ఆ ఇంజను కిరసనాయిలు మీద నడవాలి. అందుకని సిలిండరు హెడ్డు కింద మందపాటి రాగి రేకు వేసి, లోపలి ఒత్తిడి తగ్గించాను. ఒక కార్బురేటరు తీసేసి ఆ దారి రేకుతో మూసేశాను. పెట్రోలుతో స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరసనాయిలు మీదకు తిప్పుకోమని చెప్పాను. పంపు పట్టుకుంది, నీళ్ళు పడ్డాయి, సాంబయ్య గారు సంతోషించారు. రోడ్డు మీద కారును పరిగెత్తించాల్సిన ఇంజనుతో నీళ్ళు తోడించి, దాన్ని నేను నైపుణ్యం అనుకున్నాను.

ఇటు కారు సంగతి చెప్పాలంటే సిగ్గేస్తుంది. డీజిల్ ఇంజను బరువుకు ముక్కు కిందకు వంగింది. కమానులు బిగించడంతో వెనక భాగం పైకి లేచింది. స్టీరింగు తిప్పాలంటే ఇద్దరు మనుషులు కావాలి. కాలువ గట్టు మలుపుల్లో వెనక చక్రం నేలను వదిలేసేది. ఆ అదురుకు అద్దం బిగింపులు ఊడిపోయేవి, మందుల పెట్టెలో సీసాలు పగిలేవి.

వెంకటప్పయ్య గారు కంటికి నల్లద్దాలు పెట్టుకుని తిరిగొచ్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని దుగ్గిరాల దాకా వెళ్ళి వచ్చారు. దారి పొడుగునా వింటూనే ఉన్నారు. షెడ్డు ముందు దిగాక మాత్రం, "మైలేజీ వచ్చిందిరా. బండి పోయింది" అని లోపలికి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

పెద్ద డాక్టరు గారు నాలుగైదు నెలలు తంటాలు పడి, ఒక రోజు దాన్ని ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టేశారు. తర్వాత ఎప్పుడు కనిపించినా నవ్వుతూనే పలకరించేవారు. పేషెంట్ల దగ్గరికి రిక్షాలో వెళ్ళేవారు.

డాక్టరమ్మ గారు వచ్చిన రోజు

ఎనిమిదేళ్ళు గడిచాయి. వెంకటప్పయ్య గారు పోయారు, షెడ్డు నాదైంది. పెద్ద డాక్టరు గారు కూడా పోయారు. రేపల్లెలో ఆయన గదిలోనే ఎస్తేరు గారు ప్రాక్టీసు చేస్తున్నారు. జనవరిలో ఒక ఉదయం ఆవిడ బస్సు దిగి నేరుగా షెడ్డుకు వచ్చారు. టీ తెప్పిస్తానన్నా వద్దన్నారు, కుర్చీ వేస్తే కూర్చోలేదు.

మద్రాసు నుంచి పాత కార్లు కొనే ఆయన ఒకరు ఉత్తరం రాశారట. ఒరిజినల్ ఇంజను లేదు కాబట్టి బాడీ విప్పుకుని, చక్రాలు, లైట్లు, మీటర్లు తన దగ్గరున్న ఇంకో బండికి వాడుకుంటానన్నారట. ఫిబ్రవరి ఆఖరి ఆదివారం బాపట్ల వస్తారట. ఇంట్లో అందరూ అమ్మేయమంటున్నారు, రేకుల షెడ్డు పడిపోయేలా ఉంది. ఇదంతా ఆవిడ కేసు షీటు చదివినట్టు చెప్పారు. తర్వాత గొంతు మారింది.

"మా నాన్నగారు పోయేదాకా మిమ్మల్ని ఒక్క మాట అనలేదండి. నేను అందామనే వచ్చాను" అన్నారు.

అనమన్నాను. నేను తలెత్తలేకపోయాను.

"ఆయన బండి శబ్దం వింటే మా వీధి చివర పిల్లలు వచ్చి మా గేటు తీసేవాళ్ళు. మీరు దాన్ని ఆపేశారు. అమ్మేముందు ఒక్కసారి, దాని ఇంజనుతో దాన్ని నడిపించగలరా, లేదా? అది చెప్పండి చాలు. నడిస్తే నేను అమ్మను. నడవకపోతే ఆయన విప్పుకుని పోతాడు."

ఇంజను ఎక్కడుందో, అసలు ఉందో లేదో కూడా నాకు తెలియదు. తెలియదని చెప్పాలి కదా. "నడిపిస్తానమ్మా" అన్నాను. పనివాడికి ఉండకూడని జబ్బు ఇది, తెలియనిదానికి మాట ఇవ్వడం. నాకు ఆ జబ్బు ముదిరిపోయి ఉంది. అయితే ఆ రోజు అలా అన్నందుకు ఇప్పటికీ బాధ లేదు.

చేలో

మర్నాడే కర్లపాలెం వెళ్ళాను. చేను దగ్గరికి నడుస్తుండగానే వినిపించింది. ఎనిమిదేళ్ళు కిరసనాయిలు తాగిన ఇంజను పొగ కక్కుతూ, దగ్గుతూ ఉంటుందనుకున్నాను. అది కుట్టు మిషనులా నడుస్తోంది.

సాంబయ్య గారు దాని మీద తాటాకు పందిరి వేశారు. కింద సిమెంటు దిమ్మ కట్టారు. కిరసనాయిలు కొంత సిలిండర్ల పక్కనుంచి జారి ఇంజను ఆయిల్లో కలుస్తుంది, ఆయిలు పల్చబడి లోపల అరిగిపోతుంది. ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. వేలితో ముట్టుకుని, జిగురు తగ్గిందని తనే కనిపెట్టి, చేనుకు పెట్టే ప్రతి రెండో తడికీ ఆయిలు మార్చేవాడట. ఇసుక గాలి కాబట్టి కార్బురేటరు వారానికోసారి విప్పి కడిగేవాడట. అందుకే అరుగుదల లేదు. అప్పటికి నా దగ్గర ఆరుగురు పనివాళ్ళున్నారు, ఆ శ్రద్ధ ఒక్కరికీ లేదు. నాకూ లేదు.

వచ్చిన పని చెప్పాను. ఆయన నన్ను గట్టు మీదకు తీసుకెళ్ళి చేను చూపించారు. చేలో వేరుశనగ పూత మీద ఉంది. అప్పుడు తడి తప్పితే కాయ ఊరదు, ఆ ఏడు పంట పోయినట్టే.

"మీరిచ్చిందే మీరు అడుగుతున్నారు, కాదనలేను మేస్త్రీ. కానీ నా చేను ఎండబెట్టబాకండి" అన్నారు చివరికి.

కారులో ఉన్న డీజిల్ ఇంజను తెచ్చి పంపుకు బిగిస్తానని చెప్పాను. ఒకే వేగంతో రోజంతా నడిచే పనికి డీజిల్‌ను మించింది లేదు. అది చెయ్యాల్సిన పని చేను పని, నేను దాన్ని కారులో పెట్టాను. కారులో ఉండాల్సినదాన్ని చేలో పెట్టాను. తడికీ తడికీ మధ్య ఎనిమిది రోజులు. ఆ గడువులో కారును తాడు కట్టి తెనాలి లాక్కొచ్చి, డీజిల్ ఇంజను దించి, లారీలో కర్లపాలెం చేర్చి, దిమ్మలో కొత్త బోల్టులు పాతి, ఏడో రోజు మధ్యాహ్నానికి నీళ్ళు పారించాను. సాంబయ్య గారు కొత్త చప్పుడు విని మొహం చిట్లించారు. నీళ్ళు చూసి సర్దుకున్నారు. పాత ఇంజను లారీ ఎక్కుతుంటే మాత్రం, అది బండిలో నడిచే రోజు తనకు చూపించి తీరాలని మాట తీసుకున్నారు.

ట్యూనింగ్ అంటే

ఇప్పుడు మీరు అడిగిన సలహాలు చెబుతాను. వరసగా చెప్పలేను, నాకు ఆ కారులో అవి వచ్చిన వరసలోనే చెబుతాను.

ముందు బ్రేకులు. స్పోర్ట్స్ కారు తెచ్చి, నా దగ్గరికి వచ్చినవాడెవడూ బ్రేకుల గురించి అడగడు. వేగం పెంచమంటాడు. పెంచడం నేర్చుకునే ముందు ఆపడం చూసుకోండి. ఆ కారులో నాలుగు చక్రాల బ్రేకులూ విప్పి, రబ్బర్లు మార్చి, ఖాళీ రోడ్డు మీద తాడుతో లాగించుకుంటూ పది సార్లు ఆపి చూశాను. ఇంజను అప్పటికి ఇంకా బల్ల మీదే ఉంది.

రెండోది ఎత్తు. నేను వేసిన అదనపు కమాను పట్టీ తీసి అవతల పారేశాను. స్పోర్ట్స్ కారు నేలను అంటిపెట్టుకుని ఉంటేనే మలుపులో నిలబడుతుంది. మన వంతెనలకు అడుగు తగులుతుంది కదా అంటారు. నిజమే. దానికి మందు ఎత్తు పెంచడం కాదు, ఇంజను అడుగున ఉండే ఆయిలు పళ్ళెం కింద ఒక దళసరి ఇనప రేకు కట్టడం. రైసు మిల్లులో పడేసిన పాత తొట్టి రేకు కోసి, ముందు అంచు కాస్త పైకి వంచి బిగించాను. తగిలితే గీసుకుని పోతుంది, పగలదు. ఈ ఉపాయం మొదటిరోజే తోచి ఉంటే ఎనిమిదేళ్ళు మిగిలేవి.

హెడ్డు కింద రాగి రేకు తీసేశాను. నీళ్ళు తిరిగే దారుల్లో గుప్పెళ్ళ కొద్దీ ఇసుక ఉంది, సైకిలు చువ్వతో గీకి రెండు రోజులు కడిగాను. ఇక ప్లగ్గు సిలిండరులో మంట పుట్టించే సమయం, అదే టైమింగు. మనవాళ్ళు షెడ్డులో నిలబెట్టి, చెవికి ఇంపుగా ఉండేదాకా ముందుకు తిప్పేస్తారు. షెడ్డులో బరువు లేదు. పెట్రోలు బంకులో ఏం కలిపి పోస్తున్నారో మీకు తెలియదు. వంతెన ఎక్కేటప్పుడు ఇంజనులో సన్నగా గులకరాళ్ళు కదిపినట్టు చప్పుడొస్తే, ముందుకు ఎక్కువైందని అర్థం. ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా వెనక్కి తిప్పండి. కాస్త బలం తగ్గినా పిస్టన్లు మిగులుతాయి.

రెండు కార్బురేటర్లూ సమానంగా గాలి పీల్చాలి. దానికి యంత్రాలేం అక్కర్లేదు, ఒక రబ్బరు గొట్టం చాలు. ఒక చివర చెవిలో, ఇంకో చివర కార్బురేటరు నోటి దగ్గర పెట్టుకుంటే బుస వినిపిస్తుంది. రెండు బుసలూ ఒకేలా ఉండేదాకా మరలు సరిచెయ్యాలి. ఆ పని చేస్తుంటే ఎస్తేరు గారు చూడడానికి వచ్చారు. నా గొట్టం చూసి, మర్నాడు వాళ్ళ నాన్నగారి స్టెతస్కోపు తెచ్చిచ్చారు, ముందు బిళ్ళ ఊడదీసి. రెండు చెవులతో వింటే తేడా అరక్షణంలో తెలిసింది. ఆవిడ కూడా పెట్టుకుని విన్నారు. "ఎడమది బరువుగా తీస్తోందండి" అన్నారు. అవును, ఎడమదే. మర పావు చుట్టు తిప్పాక, బాగానే ఉన్నాడు పేషెంటు అని నవ్వారు. ఆ షెడ్డులో ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

ఇంత జాగ్రత్తగా చేశానా, ఒక్క చోట బద్ధకించాను. రెండో కార్బురేటరు ఎనిమిదేళ్ళూ నా పెట్టెలోనే పడి ఉంది. దాన్నీ, చేలో నడిచినదాన్నీ విప్పి, ఒకే బేసినులో పెట్రోలు పోసి కడిగేశాను. వెంకటప్పయ్య గారుంటే చెయ్యి విరగ్గొట్టేవారు. జంటగా వచ్చినవాటిని రెండు చేటల్లో వేరువేరుగా పెట్టమనేవారు ఆయన. ఒకేలా కనిపించేవే ఒకదానిలో ఒకటి ఇమడవని వందసార్లు చెప్పి ఉంటారు. అన్నీ బిగించాక రెండూ సరిగ్గానే ఆడాయి. చల్లగా ఉన్నప్పుడు ఏదైనా సరిగ్గానే ఆడుతుంది.

ఆదివారం

శనివారం నేనే నడుపుకుంటూ రేపల్లె తీసుకెళ్ళాను. భయం కొద్దీ గంటకు నలభై మైళ్ళ వేగం దాటలేదు. బండి తేనెలా నడిచింది. ఎస్తేరు గారి వీధిలో తిరగగానే ముసలివాళ్ళు అరుగుల మీద లేచి నిలబడ్డారు.

మద్రాసు ఆయన ఆదివారం ఉదయం రైల్లో బాపట్ల దిగి, సూర్యలంక రోడ్డు మొదట్లో ఉన్న టీ కొట్టు దగ్గర ఉంటానన్నారు. సముద్రం దాకా తిన్నటి రోడ్డు కాబట్టి, బండి నిజంగా నడిస్తే అక్కడ నడిపి చూసి ధర మాట్లాడతానని, లేదంటే విప్పించడానికి మనుషుల్ని పంపుతానని ఉత్తరంలో ఉంది. ఇంట్లోవాళ్ళు అప్పటికే ఆయనకు మాట ఇచ్చేశారు, ఆయన కళ్ళ ముందు నడిపి చూపిస్తేనే ఎస్తేరు గారికి అమ్మనని చెప్పే వీలు. మధ్యాహ్నం రైలుకి ఆయన తిరిగి వెళ్ళిపోవాలట. పొద్దున్నే ఎస్తేరు గారు స్టీరింగు పట్టారు, నేను పక్కన కూర్చున్నాను. చెరుకుపల్లి దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. ఆవిడ నా వైపు చూశారు. "కొంచెం తొక్కండి" అన్నాను.

వేగం నలభై ఐదు మైళ్ళు దాటగానే బండి ఎక్కిళ్ళు పెట్టింది. కాలు తీస్తే బాగానే ఉంది. మళ్ళీ తొక్కితే మళ్ళీ ఎక్కిళ్ళు. ప్లగ్గులు మార్చాను, పెట్రోలు గొట్టం ఊదాను, టైమింగు చూశాను. ఏ మార్పూ లేదు. ఎస్తేరు గారు వాచీ చూసుకోవడం కూడా మానేశారు. అది చూస్తే నాకు ఇంకా కష్టమనిపించింది.

అలాగే ముప్పై మైళ్ళ మీద ఈడ్చుకుంటూ కర్లపాలెం చేరాం. మాట ఇచ్చినట్టే ముందుగా కబురు పెట్టాను కాబట్టి సాంబయ్య గారు తెల్ల చొక్కా వేసుకుని రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. పక్కన పది మంది ఊళ్ళోవాళ్ళు. ఇంజను ఆపబోతుంటే వద్దని చెయ్యి ఊపారు. పనిముట్టేమీ ముట్టుకోకుండా, చేతులు వెనక్కి కట్టుకుని, వంగి విన్నారు. నన్ను ఒకసారి యాక్సిలరేటరు తీగ లాగి వేగం పెంచమన్నారు. మళ్ళీ విన్నారు.

"నాది లేవట్లేదు మేస్త్రీ. పక్కది లేస్తంది, నాది సగంలో పట్టేసుకుంటంది" అన్నారు.

ఆయన నాది అన్నది ఎనిమిదేళ్ళు చేలో నడిచిన కార్బురేటరును. ఆ కార్బురేటర్ల లోపల గాలికి పైకీ కిందకీ ఆడే చిన్న పిస్టను ఉంటుంది. దాని గూట్లో అది వెంట్రుకవాసి తేడా లేకుండా ఇమడాలి. దేని గూడు దానిదే. మూత విప్పి, పిస్టను తీసి ఆయన చేతికిచ్చాను. సాంబయ్య గారు పిస్టనును అరచేతిలో దొర్లించి, కళ్ళజోడు పైకెత్తి చూసి, తిరిగి ఇచ్చేశారు.

"ఇది నాది కాదండి. నా దానికి పైన చిన్న గీత ఉంటది. కడిగేటప్పుడు ఒకసారి కత్తి జారింది" అన్నారు.

పక్కదాని మూత తీశాను. గీత అందులో ఉంది. ఒకే బేసినులో కడిగినప్పుడు ఒకదాని పిస్టను ఇంకోదాని గూట్లో పెట్టేశాను. వేడెక్కాక, ఎక్కువ గాలి లాగినప్పుడు, అది సగంలో బిగుసుకుంటోంది. ముప్పై ఎనిమిదేళ్ళ పనిలో నన్ను నేను అంత గట్టిగా తిట్టుకున్న రోజు లేదు. అంత ఆనందపడ్డ రోజూ లేదు. రెండూ మార్చి బిగించడానికి పావుగంట పట్టింది. సాంబయ్య గారు తన పిస్టనును తన పంచె అంచుతో తుడిచి, తనే గూట్లో దింపారు. అది టక్కుమని కిందకు జారిన చప్పుడు నాకు ఇంకా చెవిలో ఉంది.

అప్పటికి మద్రాసు ఆయనకు చెప్పిన టైము దాటి గంట అయింది. ఆయన వెళ్ళిపోతే, నడవలేదనుకుని మనుషుల్ని పంపుతాడు. బండిలో రెండే సీట్లు. నడిపి చూసేటప్పుడు పక్కన ఉండాల్సిన చెవి నాది కాదని నాకు అర్థమైంది. సాంబయ్య గారిని ఎక్కించి, కాస్త దూరం అటూ ఇటూ నడిపి, బాగుందనుకుంటేనే రమ్మని చెప్పి, నేను అటుగా వచ్చిన బస్సెక్కి బాపట్ల వెళ్ళాను.

సూర్యలంక రోడ్డు మొదట్లో

ఆయన ఇంకా ఉన్నారు. తెల్ల ప్యాంటు, చేతిలో తోలు సంచి, మద్రాసు తెలుగు. నేనెవరో చెప్పాను. బండి దారిలో ఉందని, సొంత ఇంజను మీద వస్తోందని చెప్పాను. నమ్మలేదు. చేలో నీళ్ళు తోడిన ఇంజనా అని అడిగి టీ కొట్టతనితో కలిసి నవ్వారు. నేనూ నవ్వాను. కర్లపాలెం నుంచి ఇక్కడికి ఎంతసేపు పడుతుందో లెక్కేసుకున్నాను. ఆ సేపు దాటింది. ఆయన సంచి భుజానికి తగిలించుకున్నారు.

ముందు చప్పుడొచ్చింది. నేను టీ గ్లాసు బల్ల మీద పెట్టేసి కళ్ళు మూసుకున్నాను. ఒక్క ఎక్కిలి లేదు. రెండు కార్బురేటర్లూ ఒకే గొంతుతో పీలుస్తున్నాయి. ఆ చప్పుడు తగ్గుతుందని, బండి ఆగుతుందని చూస్తున్నాను. తగ్గలేదు, ఇంకా పెరిగింది. కళ్ళు తెరిచేసరికి కొట్టు ముందు నుంచి ఎర్రగా దూసుకుపోయింది. టాపు తీసేసి ఉంది. ఎస్తేరు గారి కొంగు నడుముకు బిగించి ఉంది. పక్కన సాంబయ్య గారు తలపాగా ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, నోరంతా తెరిచి నవ్వుతున్నారు. ఆవిడ నా వైపు చూసి చెయ్యెత్తారు, కాలు మాత్రం తియ్యలేదు. బండి సముద్రం వైపు తిన్నగా వెళ్ళిపోయింది. చప్పుడు చాలాసేపు వినిపించింది.

మద్రాసు ఆయన రోడ్డు మధ్యలోకి వచ్చి నిలబడ్డారు. సంచి భుజం మీంచి జారి మోచేతికి వేలాడుతోంది.

"ఇక్కడ ఆగుతానన్నారు కదా, ఆగలేదేంటి?" అన్నారు.

"అమ్మే బండయితే ఆగేదండి" అన్నాను.